పాటల కాంటా

పాటలకు బరువు ఉంటుందని తేలిన మూడో ఏడు నుంచి జిల్లాలోని బస్టాండ్లన్నిటిలోనూ సామాన్ల కాంటా పక్కనే పాటల కాంటా కూడా పెట్టారు. ప్రయాణికుడు తన మ్యూజిక్ ప్లేయర్‌ను పళ్ళెంలో ఉంచి, కుడిచేతి బొటనవేలు దాని మీద ఆనించి, ముల్లు నిలిచేదాకా కదలకుండా నిలబడాలి. సామాను కాక, పాటలకు మనిషికి ఇరవై కిలోలు అనుమతి. అంతకు మించితే బస్సు ఎక్కనివ్వరు.

ఈ సంగతి మొదట పసిగట్టింది డ్రైవర్లు. పెళ్ళివారితో ఘాట్ రోడ్డు సునాయాసంగా ఎక్కిన బస్సే, దినవారాలకు వెళ్ళొచ్చేవాళ్ళతో, అంతే మందితో, రెండో మలుపులోనే మొరాయించేది. మెకానిక్కులు ఇంజన్లు విప్పి చూసి ఏమీ లేదన్నారు. అప్పుడు ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. సంఘం పద్నాలుగు నెలలు తిరిగి, చాలా ఊళ్ళలో టీ తాగి, నివేదిక ఇచ్చింది. బరువు యంత్రానిది కాదట. ఆ పాట ఆ మనిషికి ఏమవుతుందో దాన్ని బట్టి వస్తుందట. నకలు తీస్తే పాట వస్తుంది గానీ బరువు రాదు. ఫోన్‌లో పంపితే పాట చేరుతుంది, బరువు పంపినవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. కనుక బరువు కావాలనుకున్నవాళ్ళు దాన్ని స్వయంగా మోసుకెళ్ళాల్సిందే.

నివేదిక చివర ఒక పట్టిక కూడా ఉంది. కొత్త సినిమా పాట సగటున గ్రాము లోపు. భక్తి పాటలు భక్తుణ్ణి బట్టి. ఎన్నికల పాటలు గాలికన్నా తేలికని తేలడంతో వాటికి దారం కట్టి తీసుకెళ్ళాలని నిబంధన పెట్టారు. జనం వారం రోజులు వింతగా చెప్పుకుని ఆ తర్వాత వరసలో నిలబడటం నేర్చుకున్నారు.

నందిపాడు బస్టాండులో ఈ కాంటా దగ్గర కూర్చునే ఉద్యోగి పేరు ప్రభుదాసు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు, నెమ్మదైన మనిషి, ఎవరినీ కసిరిన పాపాన పోలేదు. ఆయన వెనక అద్దాల బీరువాలో శాఖవారి ప్లేయర్లు నాలుగు ఉంటాయి. బరువు ఎక్కువైన పాటను వరసగా ఆ నాలుగింటిలోకీ మార్చి చూసి, ఏది అనువో చెప్పి, దాన్ని ప్రయాణికుడికి అరువివ్వడం ఆయన పని. దానికి ఒక రిజిస్టరు ఉంది. ఒక గడిలో ధ్వని నాణ్యతకు పదికి ఇన్ని మార్కులు, పక్క గడిలో మోతకు పదికి ఇన్ని మార్కులు వేస్తారు. తేలికైన కొద్దీ మోతకు మార్కులు పెరుగుతాయి. రెండూ కలిపితే పది దాటిన యంత్రాన్ని ఇంతవరకు ఏ కంపెనీ చేయలేదు, చేసినా రిజిస్టరులో చోటు లేదు.

ఒక మంగళవారం ఉదయం పదింబావుకు భ్రమరాంబ అనే ఆవిడ ఈ కాంటా దగ్గరికి వచ్చింది. వయసు నలభై లోపు. చేతిలో ఒక సంచీ, ఒక సూట్‌కేసు, గుడ్డలో చుట్టిన ప్లేయరు. ఆమె భర్త వీరరాఘవులు పశువుల ఆసుపత్రిలో అటెండరుగా పనిచేస్తూ రెండేళ్ళ కిందట పోయాడు. రెండేళ్ళు తిరగ్గా తిరగ్గా ఆమెకు కారుణ్య నియామకం కింద జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చారు, అదీ ఏజెన్సీ ప్రాంతంలో. మర్నాడు సాయంత్రం అయిదు గంటల్లోగా చేరకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. అయిదులోగా చేర్చే బస్సు ఒక్కటే ఉంది, పదకొండు నలభైకి బయల్దేరుతుంది.

సూట్‌కేసూ సంచీ సామాన్ల కాంటా మీద పద్దెనిమిది కిలోలు తూగాయి, ఇబ్బంది లేదు. ప్లేయరు పళ్ళెంలో పెట్టి బొటనవేలు ఆనించగానే కాంటా కిర్రుమంది. ముల్లు యాభై ఒకటి దగ్గర ఆగింది.

"ఎన్ని పాటలున్నయ్యమ్మా ఇందులో?" అని అడిగాడు ప్రభుదాసు.

"ఒక్కటే సార్. పాట గూడా కాదు, పద్యం. మా ఆయనది."

వీరరాఘవులు ఆఫీసు వదలగానే నాటకాల మనిషి. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో రాజు వేషమంటే ఆయనదే. భ్రమరాంబకు ఆ నాటకాలంటే గిట్టేది కాదు. ఇంట్లో బియ్యం నిండుకున్నా రాజుగారి ధ్యాస కిరీటం మీదేనని ఎత్తిపొడిచేది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఒకే ఒక్కసారి, ఒక పరిషత్తు పోటీకి, మధ్యాహ్నం ప్రదర్శన కదా అని ఏడు నెలల పాపను చంకనేసుకుని వెళ్ళింది. ఆనాడు ఎవరో టేపు చేశారు. ఆ టేపు తర్వాత ఈ ప్లేయరులోకి ఎక్కింది. ఆయన పోయాక రోజూ పడుకునే ముందు ఆమె దాన్ని గుండెల మీద పెట్టుకుని వింటుంది. ఆ బరువు అలా కాసేపు మీద ఉంటేనే ఆమెకు నిద్ర పడుతుంది.

ప్రభుదాసు బీరువా తెరిచాడు. మొదటిది ఇటుకంత నల్లటి ప్లేయరు. ధ్వనికి తొమ్మిది, మోతకు ఒకటి. హార్మోనియం తిత్తి కదలిక కూడా అందులో వినపడుతుంది. యాభై ఒకటి అలాగే ఉంది. రెండోది సబ్బుబిళ్ళంత, వెండి రంగు. ధ్వనికి ఆరు, మోతకు నాలుగు. నలభై అయిదుకు దిగింది. మూడోది అగ్గిపెట్టెంత, ఎర్రది. ధ్వనికి నాలుగు, మోతకు ఆరు. నలభై ఒకటి. నాలుగోది చొక్కా గుండీకి తగిలించుకునేది, శెనక్కాయంత. ధ్వనికి రెండు, మోతకు ఎనిమిది. రాజుగారు రేకు డబ్బాలో కూర్చుని పాడినట్టుంది. అయినా ముల్లు ముప్పై ఏడున్నర దగ్గరే భీష్మించుకుంది.

ఇది ప్రభుదాసుకు కొత్త. నాలుగో ప్లేయరులోకి మార్చాక ఇరవై దాటిన పాట ఆయన సర్వీసులో లేదు. ఏ భాగం ఎంత తూగుతోందో విడివిడిగా చూద్దామని చెప్పి నల్లదాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

"ఒకే పద్యం మూడుసార్లు ఉందమ్మా. ఒక్కోటి నాలుగు కిలోలు. మళ్ళీ వచ్చిన రెండూ తీసేస్తే ఎనిమిది తగ్గుద్ది."

"ఊరికే మళ్ళీ వచ్చినయ్యి కాదు సార్. వన్స్ మోర్ అన్నారు జనం. మొదటిసారి గొంతు సరిచూసుకుంటా పాడాడు. రెండోసారి జనం కోసం పాడాడు."

"మూడోసారి?"

భ్రమరాంబ ముల్లు వైపు చూసింది. ప్రభుదాసు రెట్టించలేదు. వన్స్ మోర్లు పునరుక్తి కిందికి వస్తాయా రావా అన్న దానిపై శాఖలో స్పష్టమైన ఉత్తర్వు లేదని ఆయనకు తెలుసు. రాగాలూ హార్మోనియమూ కలిపి మూడు కిలోలు తూగాయి. చప్పట్లూ ఈలలూ వన్స్ మోర్ కేకలూ కలిపి కిలో. మూడు పద్యాలు పన్నెండు. మొత్తం పదహారయింది. ఇంకా ముప్పై అయిదు కిలోలకు లెక్క తేలలేదు. ఆయన రికార్డింగును కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చాడు. రెండో వన్స్ మోర్ కేకలు అణిగాక, మూడోసారి పద్యం ఎత్తుకునే ముందు, ముల్లు ఎగిరి ముప్పై అయిదు మీద పడింది. అక్కడ రెండు సెకన్ల పాటు ఏమీ లేదు.

ప్రభుదాసు చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుని మళ్ళీ విన్నాడు.

"ఇక్కడ శబ్దం లేదమ్మా. ఉత్త ఖాళీ. ఈ శెనక్కాయ ప్లేయరుకి ఖాళీలు తీసేసే మీట కూడా ఉంది. నొక్కితే రెండున్నర కిలోలకి వచ్చుద్ది. హాయిగా జేబులో ఏసుకుపోవచ్చు. రూలు ప్రకారం అది నాణ్యత తగ్గించినట్టు గూడా కాదు."

"అది తీయొద్దు సార్."

"ఏముందమ్మా అందులో?"

భ్రమరాంబ చెప్పింది. రెండోసారి వన్స్ మోర్ అన్నప్పుడు ఆ కేకలకు పాప ఉలిక్కిపడి లేచింది. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఆమె పాపను ఒళ్ళో ఊపుతోంది. హార్మోనియం శ్రుతి ఆగింది, జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. రాజుగారు కిరీటంతో నిలబడి ఆ వైపు చూశాడు. పాప మళ్ళీ కళ్ళు మూసేదాకా పద్యం ఎత్తుకోలేదు. ఎంతసేపో కాదు. జనం ఆయన భావం పట్టడానికి ఆగాడనుకున్నారు, న్యాయనిర్ణేతలు దానికి మార్కులు కూడా వేశారట. ఇంటికి వచ్చాక ఆయనా ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

"పదిహేనేళ్ళు తిట్టినాను ఆ మనిషిని," అంది భ్రమరాంబ. "నాకున్నది ఆ కాసింతే."

ప్రభుదాసు రిజిస్టరు మూసి మళ్ళీ తెరిచాడు. ఆయనకు నిజంగానే జాలేసింది. జాలికి రిజిస్టరులో గడి లేదు.

"పోనీ పద్యమంతా తీసేయండి సార్," అంది ఆమె. "రాగాలు, చప్పట్లు, అన్నీ తీసేయండి. అదొక్కటే తీసుకుపోతాను."

ఆయన అలాగే తూచాడు. ముప్పై అయిదు. ఇంకా పదిహేను ఎక్కువే ఉంది.

వరసలో ఆమె వెనక రొయ్యల మేత కంపెనీ ప్రతినిధి ఒకతను నిలబడి ఉన్నాడు. తన ప్లేయరులో మూడు వేల పాటలున్నాయనీ అన్నీ కలిపి నూట పది గ్రాములనీ అంతకుముందే ఇద్దరికి చెప్పాడు. మంచివాడే. ముందుకు వచ్చి, "నాకింకా పందొమ్మిది కిలోల పైన ఖాళీ ఉందక్కా. సగం నేను తీసుకొస్తాను, అక్కడ దిగాక ఇచ్చేస్తా," అన్నాడు.

ఒకరి వాటా ఇంకొకరు వాడుకోకూడదన్న నిబంధన అప్పటికి రాలేదు కాబట్టి ప్రభుదాసు సరేనని రెండు సెకన్లలో ఒకదాన్ని అతని ప్లేయరులోకి మార్చి తూచాడు. అతని బొటనవేలు కింద ముల్లు నూట పది గ్రాముల దగ్గర నుంచి కదల్లేదు. అతను చెవిలో పెట్టుకుని వింటూ, "ఏం లేదు గదండీ ఇందులో," అన్నాడు, తప్పేమైనా చేశానా అన్నట్టు చూస్తూ.

"అదేనమ్మా చిక్కు," అన్నాడు ప్రభుదాసు. "ఆయన చేతిలో దానికి బరువు లేదు. బరువు లేనిదానికి రసీదు రాయలేను. రసీదు లేకపోతే అక్కడ దిగాక ఆయన దగ్గర మీది ఉన్నట్టు ఎట్టా తేలుద్ది? పోయినేడు ఒకాయన ఇట్టాగే వాళ్ళ నాన్న దగ్గు బావమరిది చేతికిచ్చి పంపాడు. ఊరెళ్ళి చూస్తే ప్లేయరులో ఏం లేదు."

ప్రతినిధి నొచ్చుకుని ఆ సెకనును జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేశాడు. గడియారం పదకొండూ పది చూపిస్తోంది. వరసలో ఎవరో, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదేనని గొణిగారు. భ్రమరాంబకు ఆ మాట వినపడింది. ఉద్యోగం చేతిలో ఉంది, ఆ ఉద్యోగం ఇచ్చింది ఆయన చావే. దాన్ని వదులుకుంటే ఆడపిల్ల చదువు ఆగుతుంది. ఆమె కాసేపు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ప్రభుదాసు ఆ సేపట్లో ఇంకో ఇద్దరి పాటలు తూచి పంపాడు, రెండూ కలిపి అరవై గ్రాములు.

చివరకు దారి ఆయనే చూపించాడు. శెనక్కాయ ప్లేయరులో శబ్దమంతా రెండున్నర కిలోలు. ఒక్కో సెకనూ పదిహేడున్నర. శబ్దమూ ఒక సెకనూ కలిపితే సరిగ్గా ఇరవై. ఒక సెకను తీసుకెళ్ళవచ్చు, ఒకటి వదలాలి.

"ముందుదా, వెనకదా అమ్మా?" అని పెన్ను పట్టుకుని అడిగాడు. దరఖాస్తులో ఆ గడి నింపాలి.

భ్రమరాంబ రెండుసార్లు వింది. మొదటి సెకనులో ఆయన తమ వైపు చూశాడు. రెండో సెకనులో పాప కళ్ళు మూసేదాకా ఆగాడు. చూడకుండా ఆగాడంటే దానికి అర్థం లేదు. ఆగకపోయినా చూశాడంటే కాస్త అర్థం ఉంది. ఆమె అలా లెక్క వేసుకుని, "ముందుది తీసుకుపోతాను సార్," అంది.

ప్రభుదాసు 'వెనకది' అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, వదలడానికి కారణం అన్నచోట 'స్థలాభావం' అని రాసి, వేలిముద్ర వేయించుకున్నాడు. తనకు సంతకం వచ్చని ఆమె అంటే, బరువు విషయంలో శాఖకు సంతకాల మీద నమ్మకం లేదన్నాడు. తర్వాత ఆ సెకనును చిన్న తెల్ల కవరులో పెట్టి, ఆమెను వెంటబెట్టుకుని వదిలిన బరువుల గదికి తీసుకెళ్ళాడు.

ఆ గది టికెట్ల కౌంటరు వెనక ఉంది. నేల దిగబడకుండా ఇనప దూలాలు వేశారు. నాలుగు గోడలకూ అరలు, అరల నిండా తెల్ల కవర్లు, ఒక్కోదాని మీద పేరు, తేదీ. పాట ఎత్తుకునే ముందు ఎవరెవరో తీసిన ఊపిరి, మాట మరిచిపోయి తడుముకున్న చోటు, నవ్వాపుకున్న చోటు, ఫోన్ పెట్టేసే ముందు ఆగిన చోటు. బయట బస్సుల హారన్లు మోగుతున్నా లోపలికి ఏమీ రావడం లేదు. సిబ్బంది మధ్యాహ్నం అన్నాలు తినడానికి ఆ గదిలోకే వస్తారనీ, ఊళ్ళో ఇంత ప్రశాంతమైన చోటు ఇంకోటి లేదనీ ప్రభుదాసు చెప్పాడు. కవర్లు నెల రోజులు ఉంచుతారు. భ్రమరాంబ తన కవరును అరలో తానే పెట్టింది. పెట్టేటప్పుడు రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది.

పదకొండు నలభైకి బస్సు కదిలింది. మర్నాడు సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆమె కొత్త ఆఫీసులో చేరి, హాజరు పట్టీలో సంతకం చేసింది.

మొదటి వారం కష్టంగానే గడిచింది. ప్లేయరు గుండెల మీద పెట్టుకుంటే ఇరవై కిలోలూ ఉంటున్నాయి గానీ నిద్ర పట్టేది కాదు. రాజుగారు ఆమె వైపు చూసేవాడు, చూస్తూనే గబుక్కున పద్యం ఎత్తుకునేవాడు, పాప ఇంకా కళ్ళు తెరిచే ఉండేది. రోజూ అక్కడికి రాగానే ఆమెకు ఆయన మీద పాత కోపం వచ్చేది, ఆ కోపానికి తిరిగి ఏడుపొచ్చేది. రెండో వారంలో కొంచెం నయం. మూడో వారంలో, కవరు తెచ్చుకోవడానికి సెలవు ఇప్పించమని సక్రమ మార్గంలో దరఖాస్తు పెట్టుకుంది. కొత్తగా చేరినవాళ్ళకు మూడు నెలలు సెలవు లేదని సూపరింటెండెంటు మర్యాదగానే చెప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ ఇక్కడ పూజారి తప్పేమీ లేదు, నిబంధనే అలా ఉంది.

నెల దాటిన నాలుగో రోజున నందిపాడు నుంచి కార్డు వచ్చింది. గడువు ముగిసినందున తమ తాలూకు వస్తువును నిబంధనల మేరకు తొలగించడమైనదని అందులో అచ్చు వేసి ఉంది. అడుగున ప్రభుదాసు చేత్తో ఒక ముక్క రాశాడు. తొలగించే ముందు తాను గదిలో తలుపేసుకుని ఒకసారి విన్నాననీ, బాగుందనీ. భ్రమరాంబ కార్డును ఫైలులో పెట్టింది. ఆ సాయంత్రం ప్లేయరు పెట్టినప్పుడు పద్యాలు మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. ఎక్కడైనా ఏదైనా తక్కువైందా అని చూసుకుంటే తక్కువైనట్టు అనిపించలేదు. దాంతో ఆమెకు కొంచెం భయం వేసింది, కొంచెం తేలిగ్గానూ అనిపించింది. ఆ తర్వాత బాగా నిద్రపోయింది.

ఆనాటి ఆ పాప, ఆమె కూతురు వైదేహికి ఇప్పుడు పద్నాలుగేళ్ళు, గురుకుల పాఠశాలలో చదువుతోంది. ఆదివారాల్లో వార్డెన్ ఫోన్ నుంచి పది నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ ఆదివారం వైదేహి మార్కులు చెప్పింది, చారు నీళ్ళగా ఉంటోందని చెప్పింది, పక్కమంచం పిల్ల ఇంటికి వెళ్ళిపోయిందని చెప్పింది. తర్వాత, "అమ్మా," అని ఆగింది.

భ్రమరాంబ ఒక సెకను ఆగింది.

"సిగ్నల్ పోయినట్టుందమ్మా. వచ్చే ఆదివారం మాట్లాడుకుందాంలే, జాగ్రత్త," అని ఫోన్ పెట్టేసింది. సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. ఆమె అవి చూసింది కూడా. ఇంకో సెకను ఆగితే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

అవతల వైదేహి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకాసేపు నిలబడి, వార్డెనుకు ఇచ్చేసింది. తర్వాతి ఆదివారం నుంచి పిల్ల కూడా ఎక్కడా ఆగడం లేదు. మార్కులు, చారు, ఆరోగ్యం, అన్నీ వరసగా చెప్పేసి, పది నిమిషాల్లో ఆరు మిగిల్చి పెట్టేస్తోంది. వెనక వరసలో ఉన్న పిల్లలకు ఆ ఆరు నిమిషాలూ కలిసి వస్తున్నాయి. తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి చాలా స్పష్టంగా వినపడుతోంది.